ఏడు నెలల పాప పాలు తాగుతూ కొరుకుతోంది, గిల్లుతోంది, తల తిప్పేస్తోంది. ఎట్లా వేగాలి?

కొర్లగుంట_కొత్తమ్మ
పాపకు ఏడు నెలలు. కింద రెండు పళ్ళు వచ్చాయి, పైవి చిగుళ్ళ కింద తెల్లగా కనిపిస్తున్నాయి. అప్పట్నుంచి పాలివ్వాలంటేనే భయం వేస్తోంది. మొదట్లో బుద్ధిగానే తాగుతుంది, ఉన్నట్టుండి కొరుకుతుంది. కొరకని రోజున ఇంకో ఆట. చనుమొన నోట్లో ఉండగానే తల వెనక్కి తిప్పి ఫ్యాన్ చూస్తుంది, నాకు ప్రాణం పోతుంది. చేతులు ఊరికే ఉండవు, మెడ గిల్లడం, గొలుసు లాగడం, చెంప మీద కొట్టడం. ఎడమ వైపు పగిలింది, స్నానం నీళ్ళు తగిలినా మంట. పొడిగించిన లీవు కూడా అయిపోవస్తోంది, వచ్చే నెల డ్యూటీలో చేరాలి.
మా అత్త "ఇంక చాలు, వేపాకు నూరి పూయి, దానంతటదే మానేస్తుంది" అంటోంది. మా అమ్మేమో "ఎదిగే పిల్ల, మాన్పిస్తే ఊరుకోను" అంటోంది. ఇద్దరూ ఫోన్లో వాదించుకుంటున్నారు, మధ్యలో నేను. నాకు మాన్పించాలని లేదు. కానీ ఇంత నొప్పితో ఎట్లా ఇచ్చేది?

పీలేరు_పద్మ
ముందు ఆ గొలుసు తీసెయ్యి తల్లీ. మావాడు నల్లపూసలు తెంపి నోట్లో వేసుకోబోయాడు, వేలు పెట్టి తీశాను. లావుపాటి నూలు దారంతో గట్టిగా జడలాగా అల్లుకుని మెళ్ళో వేసుకున్నా. పాలిచ్చేటప్పుడు అది పట్టుకుని ఆడుకునేవాడు. చేతికి పని దొరికితే గిల్లడం తగ్గుతుంది. గోళ్ళు మాత్రం నిద్రపోయినప్పుడు కత్తిరించు, మెలకువలో నీ తరం కాదు.

మదనపల్లె_టమాటా
మావాడు కొరికినప్పుడు నేను వేసిన కేకకు పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొట్టారు. అంతే, మళ్ళీ కొరకలేదు. ఒకసారి గట్టిగా అరువు, సరిపోతుంది.

చిత్తూరు_చిన్నక్క
అరుపుల దాకా ఎందుకబ్బా. కొత్తమ్మా, ముందు అది *ఎప్పుడు* కొరుకుతోందో చూడు. బిడ్డ నిజంగా పాలు లాగి మింగుతున్నంతసేపూ నాలుక కింది చిగురు దాటి ముందుకు వచ్చి ఉంటుంది. అప్పుడు కొరికితే ముందు నలిగేది దాని నాలుకే. కొరకాలంటే నాలుక వెనక్కి తీసుకోవాలి, అంటే తాగడం ఆపాలి. అందుకే చాలామందికి కాటు పడేది కడుపు నిండాకనో, పాల ధార తగ్గాకనో. కొందరు పిల్లలు మొదట్లోనే, పాలు ఇంకా చేపక ముందే, అంటే ధార దిగక ముందే విసుగుతో కొరుకుతారు.
మా చిన్నదాని దగ్గర నేను కనిపెట్టింది చెప్తా. గుటక చప్పుడు ఆగుతుంది. దవడ కదలిక చిన్నదవుతుంది. చూపు నా మొహం మీంచి గోడ మీదికి పోతుంది. తర్వాత కింది పెదవి కొంచెం లోపలికి మడుస్తుంది. ఆ మడత కనిపించిందంటే తర్వాత వచ్చేది పన్నే. గుటక ఆగినప్పుడే చిటికెన వేలు నోటి మూల నుంచి చిగుళ్ళ మధ్యకు దూర్చి, పట్టు వదిలించి, తీసేసేదాన్ని. పట్టు వదలకుండా లాగితే మాత్రం పగిలేది మనమే. నీ ఎడమ వైపు పగులు అట్లా లాగడం వల్ల వచ్చిందేమో చూసుకో.

పలమనేరు_పాడి
మా ఆవు దూడ కూడా ఇంతే, పాలు చేపకపోతే తలతో ఒక్క పోటు పొడుస్తుంది. 😄

మదనపల్లె_టమాటా
పాడి అన్నా, ఇక్కడ బాలింతలు మాట్లాడుకుంటున్నారు, నువ్వు దూడను తోలుకుని వచ్చినావు.

ఇద్దరి_అమ్మ
టమాటా చెప్పిన అరుపు మందు అందరికీ పనిచేయదు. మా పెద్దోడు నేను అరిస్తే నవ్వాడు, ఇంకోసారి అరిపిద్దామని మళ్ళీ కొరికాడు. చిన్నోడు అందుకు పూర్తిగా రివర్స్. బెదిరిపోయి రొమ్ము చూస్తేనే ఏడుపు. ఆకలితో ఏడుస్తాడు, దగ్గరకు తీసుకుంటే వెనక్కి విరుచుకుంటాడు. ఇంట్లో అందరూ "వాడే మానేశాడులే" అన్నారు. ఈ వయసు పిల్లలు వాళ్ళంతట వాళ్ళు మానడం చాలా అరుదు, ఇది అలక అని మా పిల్లల డాక్టర్ చెప్పాకే ధైర్యం వచ్చింది.
పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాను, పిండకపోతే నాకు రొమ్ములు రాళ్ళయ్యేవి. బలవంతంగా నోట్లో పెట్టడం ఆపేశా. చీకటి గదిలో, చొక్కా విప్పి ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టుకుని, వాడు సగం నిద్రలో ఉన్నప్పుడు మాత్రమే ఇచ్చేదాన్ని. ఒకరోజు తెల్లవారుజామున నిద్రలోనే పట్టుకున్నాడు. మెలకువ వచ్చాక తను ఏం చేస్తున్నాడో గుర్తొచ్చి ఆగాడు, నన్ను చూశాడు, మళ్ళీ తాగాడు.

మదనపల్లె_టమాటా
సరే సరే, నా మందు వెనక్కి తీసుకుంటున్నా. మావాడి మీద మాత్రం పనిచేసింది.

తిరుచానూరు_తులసి
అందరూ ఇవ్వు ఇవ్వు అంటారు కానీ బాధ పడేది ఆ పిల్ల. నేను తొమ్మిదో నెలలో మాన్పించా, డబ్బా పాలు పట్టా. పిల్లాడు ఇప్పుడు బడికి పోతున్నాడు, గుండ్రాయిలా ఉన్నాడు. వాళ్ళ అత్త చెప్పింది అంత తప్పేమీ కాదు.

చిత్తూరు_చిన్నక్క
తులసీ, మాన్పించుకోవడం ఎవరిష్టం వాళ్ళది, ఎవరూ కాదనరు. కానీ ఈ అమ్మాయి మాన్పించడం ఇష్టం లేదని మొదట్లోనే రాసింది కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలు తల్లిపాలే, తర్వాత తిండితో పాటు రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వమంటుంది. ఇంక వేపాకు పూసి ఒక్కసారిగా మాన్పిస్తే పిల్ల సంగతి అటుంచు, తల్లికి పాలు గడ్డకట్టి జ్వరం వచ్చే ప్రమాదం ఉంది. మానాలనుకున్నా రోజులో ఒక్కో పూటా తగ్గించుకుంటూ రావాలి. ఏడాది లోపు మాన్పిస్తే బదులుగా ఏం పట్టాలో పిల్లల డాక్టర్‌ను అడగాలి. మా డాక్టర్ అయితే ఆవుపాలు అప్పుడే వద్దన్నారు.

తిరుచానూరు_తులసి
నాకు ఎవరూ ఇట్లా విడమర్చి చెప్పలేదు. ఒక్కసారిగా మానేసి వారం పాటు రొమ్ముల మీద క్యాబేజీ ఆకులు పెట్టుకుని తిరిగా. ఆ ఇంట్లో మళ్ళీ క్యాబేజీ కూర వండలేదు.

కాణిపాకం_నాన్న
ఆడవాళ్ళ మధ్య దూరుతున్నా, ఏమనుకోవద్దు. మాకు బాబు పుట్టి మూడు వారాలు. పొద్దంతా బాగానే ఉంటాడు. సాయంత్రం దీపం పెట్టే వేళ మొదలుపెడితే రాత్రి దాకా రొమ్ము వదలడు. తాగుతాడు, వదులుతాడు, ఏడుస్తాడు, మళ్ళీ తాగుతాడు. మా అమ్మ "పాలు చాలడం లేదు, డబ్బా తెప్పించు" అంటుంది. నా భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. పైగా మొదటి నుంచీ నొప్పి అంటోంది. ఏం చేయాలి?

పీలేరు_పద్మ
దూరినందుకు సంతోషం. మా ఆయనైతే అప్పట్లో బాల్కనీలో ఫోన్ చూసుకునేవాడు.

రిటైరైన_నర్సక్క
కాణిపాకం బాబూ, డబ్బా తెప్పించే ముందు రెండు లెక్కలు చూడు. మొదటి వారం దాటిన బిడ్డ రోజుకు ఆరు, అంతకంటే ఎక్కువ సార్లు ఉచ్చ పోస్తున్నాడా? పుట్టిన బరువును రెండు వారాలకల్లా తిరిగి అందుకుని పెరుగుతున్నాడా? రెండూ అవునంటే పాలు చాలుతున్నాయి. సాయంత్రం పూట రొమ్ము వదలకపోవడం ఈ వయసులో మామూలే. రెండు మూడు వారాలప్పుడు, ఆరు వారాలప్పుడు, మూడు నెలలప్పుడు ఎదుగుదల ఊపందుకుంటుంది, అప్పుడు ఇంకా ఎక్కువ. బిడ్డ ఎంత లాగితే అంత ఊరుతాయి. ఆ పూట డబ్బా పట్టి నిద్రపుచ్చితే ఆ లాగడం తగ్గుతుంది, దాంతో పాలూ తగ్గుతాయి. అప్పుడు మీ అమ్మ మాటే నిజమైనట్టు కనిపిస్తుంది. ఉచ్చ తగ్గినా, బరువు పెరగకపోయినా, బిడ్డ మగతగా ఉండి తాగడానికి లేవకపోయినా ఆలస్యం చేయొద్దు, డాక్టర్‌కు చూపించండి.
నొప్పి సంగతి వేరు. మొదటి రోజుల్లో కొంచెం చురుక్కుమనడం ఉంటుంది, కానీ మూడు వారాలకు కూడా ప్రతిసారీ నొప్పి అంటే పట్టు సరిగా కుదరలేదు. ప్రసూతి వార్డులో నేను ఎక్కువగా చూసింది ఇదే. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, తల మాత్రం పక్కకు తిప్పి తాగిస్తారు. మనం తల పక్కకు తిప్పి మంచినీళ్ళు తాగితే తెలుస్తుంది ఎంత కష్టమో. చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో, బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆని ఉండాలి. చనుమొన బిడ్డ ముక్కుకు ఎదురుగా పెట్టి, పై పెదవికి రాయండి. ఆవులింత అంత నోరు తెరిచేదాకా ఆగండి. అప్పుడు బిడ్డనే దగ్గరకు తేవాలి, తల్లి వంగకూడదు. మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం, ముఖ్యంగా కిందివైపు, నోట్లోకి పోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి. తాగి వదిలాక మొన లిప్‌స్టిక్ కొనలా ఒకవైపు నొక్కుకుపోయి ఉంటే పట్టు తప్పినట్టే, మళ్ళీ మొదలుపెట్టండి.

కాణిపాకం_నాన్న
లిప్‌స్టిక్ కొన అనగానే మా ఆవిడ "అదే, అచ్చం అదే" అంది. ఉచ్చ లెక్క బాగానే ఉంది. బరువు రేపు చూపిస్తాం.

కొర్లగుంట_కొత్తమ్మ
చిన్నక్కా, నిన్నంతా చూశాను. నువ్వు చెప్పినట్టే, గుటక ఆగాకే. ఎక్కువగా టీవీ సీరియల్ టైమ్‌లో, హాల్లో కూర్చున్నప్పుడు. ఎవరైనా తలుపు తీస్తే చాలు, తల అటు తిప్పుతుంది. నేను పట్టు వదిలించకుండా అదాటున లాగేస్తున్నా, అదీ నిజమే.
ఇంకోటి అడగాలి. అదే ఎడమ వైపు చంక దగ్గర గట్టిగా తగులుతోంది, ముట్టుకుంటే నొప్పి. జ్వరం లేదు. అత్త వేడినీళ్ళ కాపడం పెట్టి గట్టిగా పిసకమంటోంది.

పుత్తూరు_పూర్ణ
నాకు అట్లా గడ్డ కట్టినప్పుడు మా అవ్వ మల్లెపూలు కట్టింది. రెండు వైపులా దండలు పెట్టి గుడ్డ చుట్టింది. గడ్డ తగ్గిపోయింది. ఇల్లంతా మల్లె వాసన, మా ఆయన "ఏందీ స్పెషల్" అని అడిగాడు.

రిటైరైన_నర్సక్క
పూర్ణా, గడ్డతో పాటు పాలూ తగ్గి ఉంటాయి! మల్లెపూలు కట్టేది పాలు ఎండబెట్టడానికి, బిడ్డ దక్కని తల్లులకు వెనకటి నుంచీ మనవైపు, తమిళం వైపు చేసేవాళ్ళు. పక్కనే ఉన్న వేలూరు సీఎంసీ ఆసుపత్రి డాక్టర్లు 1988లో దీన్ని పరీక్షించి పరిశోధనా వ్యాసం కూడా రాశారు. పాలు ఎండటానికి అప్పట్లో ఇచ్చే బ్రోమోక్రిప్టిన్ మాత్రతో మల్లెపూలను పోల్చి చూస్తే రెండింటితోనూ పాలు తగ్గాయి. పాలివ్వాలనుకునే తల్లి జడలో పెట్టుకోవచ్చు, రొమ్ముకు మాత్రం కట్టుకోవద్దు.
కొత్తమ్మా, పిసకొద్దు. వెనకటి రోజుల్లో మేమూ వేడి కాపడం, గట్టి మర్దన అనే చెప్పేవాళ్ళం. అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ అనే డాక్టర్ల సంఘం 2022లో ఆ సూచనలు మార్చింది. గట్టిగా పిసికితే లోపల వాపు పెరుగుతుంది, దెబ్బ తగులుతుంది. పలుచటి గుడ్డలో ఐసు చుట్టి పెట్టుకో, వాపు తగ్గుతుంది. పాప ఎప్పటిలాగే తాగనీ. గడ్డ కరగాలని అదే పనిగా పంపుతో ఖాళీ చేయకు, అట్లా చేస్తే పాలు ఇంకా ఎక్కువ ఊరి ఇబ్బంది పెరుగుతుంది. బిగుతు బ్రా వద్దు. చలి, జ్వరం, ఎర్రగా వేడిగా మారడం, ఒళ్ళు నొప్పులు వచ్చినా, ఒక రోజులో తగ్గుముఖం పట్టకపోయినా ఆసుపత్రికి వెళ్ళు. చీము గడ్డ దాకా పోనివ్వకూడదు. అప్పుడు కూడా మామూలుగా పాలు ఆపాల్సిన పని ఉండదు, పాలిస్తున్నానని డాక్టర్‌కు చెప్తే దానికి తగ్గ మందే ఇస్తారు.

ఇద్దరి_అమ్మ
నాకు వేడి కాపడంతోనే తగ్గింది నర్సక్కా. ఐసు అంటేనే ఒళ్ళు జలదరిస్తోంది.

రిటైరైన_నర్సక్క
పాలిచ్చే ముందు కాసేపు గోరువెచ్చటి గుడ్డ వేసుకుంటే హాయిగా ఉంటే వేసుకో, పాలు చేపడానికి పనికొస్తుంది. కాల్చేంత వేడి, రొట్టెల పిండిలా పిసకడం, ఈ రెండూ వద్దంటున్నా.

చిత్తూరు_చిన్నక్క
పగులుకు: తాగించాక చివరి పాల చుక్కలే మొన మీద రాసి గాలికి ఆరనివ్వు. లానోలిన్ క్రీమ్ మందుల షాపులో దొరుకుతుంది, తుడవకుండానే పాలివ్వొచ్చు. సబ్బు పెట్టి రుద్దకు. నొప్పి తక్కువున్న వైపు ముందు ఇవ్వు, పాలు చేపాక ఎడమ వైపు మారిస్తే ఆకలి మీద లాగే మొదటి ఊపు దాని మీద పడదు. మంట సూదులు గుచ్చినట్టు లోపలిదాకా పోతున్నా, పాప నాలుక మీద, బుగ్గల లోపల తుడిస్తే పోని తెల్ల మచ్చలున్నా ఫంగస్ పూత కావచ్చు, అప్పుడు తల్లికీ బిడ్డకూ కలిపి మందు వాడాలి.

మదనపల్లె_టమాటా
హాల్లో సీరియల్ ముందు కూర్చుంటే పాప ఎందుకు తాగుతుంది? అత్తా కోడళ్ళ గొడవ దానికీ ఇంట్రెస్టే.

పీలేరు_పద్మ
ఇంట్లో లైవ్ నడుస్తోంది కదా, టీవీ ఎందుకు 😂
జోక్ పక్కన పెడితే, నాలుగైదు నెలల నుంచి ఇది ఉంటుంది, లోకమంతా చూడాలని వాళ్ళకి. మధ్యాహ్నం ఒక్కపూటైనా లోపలి గదిలో తలుపు వేసుకుని ఇవ్వు. మావాడు పగలు అన్నీ చూస్తూ అరకొరగా తాగి, రాత్రంతా లేచి ఆ బాకీ తీర్చుకునేవాడు. పగలు నిమ్మళంగా తాగిస్తే రాత్రి లేవడం కొంచెం తగ్గింది.

పలమనేరు_పాడి
మా ఇంట్లోవాళ్ళు పళ్ళు వచ్చేటప్పుడు చిగుళ్ళకు తేనె రాస్తారు. అది చేస్తే కొరకడం తగ్గుతుందేమో.

రిటైరైన_నర్సక్క
తేనె వద్దు! ఏడాది లోపు బిడ్డకు తేనె చుక్క కూడా పెట్టకూడదు, బొటులిజం అనే జబ్బు ప్రమాదం ఉంది. చిగుళ్ళకు రాసే తిమ్మిరి జెల్ కూడా వద్దు, బెంజొకైన్ ఉన్నవి రెండేళ్ళ లోపు పిల్లలకు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. వస కొమ్ము అరగదీసి నాకించడమూ మానుకోండి. పాలిచ్చే ముందు శుభ్రమైన తడిగుడ్డ ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి నమలనివ్వండి. చల్లగా ఉంటే చాలు, గడ్డకట్టకూడదు. వేలు కడుక్కుని చిగుళ్ళు మెల్లగా రుద్దినా సలుపు తగ్గుతుంది.
ఇంకో మాట. ఉన్నట్టుండి ఒకవైపే తాగనని విరుచుకుంటే చెవి నొప్పేమో, జలుబుతో ముక్కు బిగుసుకుందేమో చూడాలి. ముక్కు మూసుకుంటే పాలు తాగుతూ ఊపిరి ఆడదు పాపం. ఉప్పునీటి చుక్కలు దొరుకుతాయి.

పలమనేరు_పాడి
మంచిది నర్సక్కా. ఇంట్లో చదివి వినిపించా. తేనె సీసా అటక మీదికి పోయింది.

తిరుచానూరు_తులసి
కొత్తమ్మా, పాపకు ఏడాది నిండక ముందే తిరుమల కొండకు పోయి రా. ఏడాది లోపు బిడ్డ ఉంటే తల్లిదండ్రులను దర్శనానికి సుపథం అనే ప్రత్యేక దారి నుంచి పంపిస్తారు, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్, మీ ఆధార్ పట్టుకుని పో. ఘాట్ రోడ్డు మలుపుల్లో మాత్రం పాలివ్వకు, కొరకడం సంగతి దేవుడెరుగు, మింగిందంతా నీ చీర మీదే.

కొర్లగుంట_కొత్తమ్మ
ఐసు పెట్టుకున్నా, గట్టిదనం తగ్గింది. నర్సక్క రాసింది అత్తకు చదివి వినిపిస్తే "మా కాలంలో ఐసు ఎక్కడిది" అంది గానీ ఫ్రిజ్‌లోంచి ఐసు తెచ్చి ఇచ్చింది తనే. నాకు ఇప్పుడు డ్యూటీ టెన్షన్. కంపెనీ బస్సులో పోను గంట పైన, రాను గంట పైన. పాలు పిండి పెట్టి వెళ్తే ఈ ఎండలకు నిలుస్తాయా? బాటిల్ అలవాటైతే కొరకడం ఇంకా ఎక్కువవుతుందా?

సత్యవేడు_సుధ
నేనూ ఫ్యాక్టరీలోనే, శ్రీసిటీ వైపు. కొరకడం ఎక్కువవుతుందని చెప్పలేను కానీ విసుగు పెరుగుతుంది. బాటిల్‌లో పాలు నోట్లో పెట్టగానే కారతాయి, నీ దగ్గర చేపేదాకా ఆగాలి, అందుకే లాగి గోల చేస్తుంది. సన్నటి ధార వచ్చే నిపిల్ తీసుకో. పాపను కూర్చున్నట్టు పట్టుకుని, బాటిల్ అడ్డంగా పెట్టి, మధ్యమధ్యలో ఆపి పట్టమని అత్తకు నేర్పు. ఏడు నెలలు కదా, చిన్న గ్లాసుతో కూడా తాగుతుంది, మావాడు అట్లాగే తాగాడు.
పిండిన పాలు 25 డిగ్రీలు, అంతకంటే చల్లటి గదిలో నాలుగు గంటల దాకా నిలుస్తాయి. మన రేణిగుంట ఎండకు ఆ లెక్క మర్చిపో, పిండగానే ఫ్రిజ్‌లో పెట్టు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, తలుపు అరలో కాదు, లోపల వెనక వైపు. గడ్డకట్టిన ఐస్ ప్యాకులతో మంచి కూలర్ బ్యాగులో 24 గంటలు ఆగుతాయి, నీ బస్సు ప్రయాణానికి అది చాలు. పట్టే ముందు గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పోసి అందులో సీసా ఉంచాలి, పొయ్యి మీద కాచొద్దు, మైక్రోవేవ్ అసలే వద్దు.
ఆఫీసులో అడగడానికి మొహమాటపడకు. 1961లో వచ్చిన ప్రసూతి ప్రయోజనాల చట్టం నియమాలు ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో ఉన్నాయి. బిడ్డకు 15 నెలలు నిండేదాకా మామూలు విశ్రాంతి సమయం కాక రోజుకు రెండు పాల విరామాలు ఇవ్వాలి. 2017 సవరణ నుంచీ 50 మంది, ఆపైన పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలి, రోజుకు నాలుగు సార్లు వెళ్ళి చూసుకోవచ్చు. మా దగ్గర సూపర్‌వైజర్ ముందు నసిగాడు, కాగితం మీద రాసి హెచ్ఆర్‌కు ఇచ్చాక స్టోర్ రూమ్ పక్కన గది, గొళ్ళెం, కుర్చీ వచ్చాయి.

కొర్లగుంట_కొత్తమ్మ
రెండు విరామాల సంగతి మా దగ్గర ఎవరికీ తెలియదు. రేపే మెయిల్ పెడతా. పాలు కంపెనీ ఫ్రిజ్‌లో పెట్టొచ్చా, లేక బ్యాగులోనే ఉంచుకోనా?

సత్యవేడు_సుధ
ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. డబ్బా మీద పేరు, తేదీ పెద్ద అక్షరాలతో రాసి, ఇంకో కవర్లో పెట్టి, ముడి వెయ్యి. మా క్యాంటీన్ ఫ్రిజ్‌లో పెడితే ఒకాయన టీలోకి పాలు తక్కువయ్యాయని నా సీసా తీశాడు.

మదనపల్లె_టమాటా
పోశాడా??

సత్యవేడు_సుధ
మూత తిప్పుతుండగా చూసి పరిగెత్తా. ఏం పాలో చెప్పాక, ఆయన అప్పట్నుంచీ బ్లాక్ టీనే తాగుతున్నాడు.